బెజ్జం ఎక్కడ పెట్టాలి?

పిల్లలూ! మోటారుసైకిలు హ్యాండిలును మీరు ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? దాని మీద హారను మీట ఉంటుంది, దీపం మీట ఉంటుంది, మలుపు తిరిగేటప్పుడు మిణుకుమిణుకుమనే దీపాల మీట ఉంటుంది. ఈ మీటలన్నిటికీ తీగలు ఉండాలి కదా? చాలా బండ్లకు ఆ తీగలు హ్యాండిలును అంటిపెట్టుకుని, నల్లని పట్టీలతో కట్టి, పైకే కనిపిస్తాయి. కాని కొన్ని బండ్లకు ఒక్క తీగ కూడా కనిపించదు. మీట నొక్కితే హారను మోగుతుంది, దీపం వెలుగుతుంది, తీగ మాత్రం లేదు!

ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. హ్యాండిలు గట్టి కడ్డీ కాదు, గొట్టం. తీగలు ఆ గొట్టం లోపలినుంచి పోతున్నాయి. లోపలికి పోవటానికి ఒక బెజ్జం, బయటికి రావటానికి ఒక బెజ్జం. అంతే.

"అంతే" అన్నాను గాని, ఆ బెజ్జం ఎక్కడ పెట్టాలన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. ఈ సంగతి నాకు కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో, అఫ్జల్‌గంజ్ సందులో ఒక మేస్త్రీ దగ్గర తెలిసింది.

గంజ్ అంటే సరుకుల బజారు. 1857 నుంచి 1869 దాకా హైదరాబాదును పాలించిన అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరు ఈ బజారుకు వచ్చింది. పాత నగరంనుంచి నయాపూల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో కాలు పెట్టినట్టే. ఉస్మానియా ఆసుపత్రి ఇక్కడే ఉన్నది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమూ ఇక్కడే ఉన్నది.

మా అక్కయ్య కొడుకు అప్పుడు డిప్లొమా చదువుతున్నాడు. మా బావగారు ఎన్నో ఏళ్ళు నడిపిన పాత బుల్లెట్ బండి వాడి చేతికి వచ్చింది. బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులో అయినా, 1955లో మద్రాసులో కంపెనీ పెట్టిన తరవాత అది మన దేశపు బండి అయిపోయింది. వానాకాలంలో ఒక రాత్రి వాడూ నేనూ ఆ బండి మీద నయాపూల్ దాటుతున్నాం. వాడు హ్యాండిలు కాస్త ఎడమకు తిప్పాడో లేదో, ముందు దీపం టప్పున ఆరిపోయింది. ఎదురుగా బస్సు వస్తున్నది. మా బండి ఆ డ్రైవరుకు కనిపించే ఆస్కారం లేదు. మావాడు గాభరా పడకుండా బండిని పక్కకు తీసి ఆపాడు గనక సరిపోయింది. బస్సు మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది. వెనక కూర్చున్న నాకు చాలాసేపటి దాకా కాళ్ళ వణుకు తగ్గలేదు.

మర్నాడు మావాడు ఒక నిర్ణయానికి వచ్చాడు.

"మామయ్యా, తీగలు బయట ఉండబట్టే ఈ తంటా అంతా. వాటిని హ్యాండిలు లోపలినుంచి పోనిస్తే వాన తగలదు, చేతులు తగలవు, చూడటానికీ బాగుంటుంది," అన్నాడు.

బెజ్జాలు ఎక్కడ పెట్టించాలో కూడా సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాడు. హ్యాండిలును బండికి బిగించి పట్టే క్లాంపులు రెండు ఉంటాయి కదా, సరిగ్గా వాటి పక్కనే, పైవైపున! అక్కడైతే దీపం దగ్గర, తీగ పొదుపు.

మేస్త్రీకి అరవై ఏళ్ళు పైబడి ఉంటాయి. అక్కడ అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ సుద్ద గుర్తులు చూశాడు. తరవాత గుడ్డతో వాటిని తుడిచేశాడు.

"ఈడ బెజ్జం కొట్టను, బేటా," అన్నాడు.

"ఎందుకు ఉస్తాద్? గట్టి గొట్టమే కదా?"

"గట్టిదే. కాని జోరంతా ఈడనే పడతది. ఉస్మానియా దవాఖానా దగ్గరనే ఉన్నది. ఆడికి మనుషులను తోలే పని నాది కాదు."

ఉస్తాద్ ఎందుకు కాదన్నాడో మనకు బోధపడాలంటే ముందు గొట్టం సంగతి తెలియాలి.

బొప్పాయి ఆకు కాడ మీకందరికీ తెలుసు. దాన్ని కోసి బూరా ఊదని పిల్లలు ఉండరు. అంత పెద్ద ఆకును మోసే ఆ కాడ లోపల అంతా ఖాళీ! వెదురూ అంతే, పక్షి ఎముకలూ అంతే. ఈ విషయం గురించి ఇటలీ శాస్త్రజ్ఞుడు గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. బోలుగా ఉన్నది బలహీనం అనుకుంటాం గాని, అది పొరపాటు. ఒక కడ్డీని వంచినప్పుడు పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుపోతుంది. నడిమధ్యన ఉన్న లోహం సాగదు, నొక్కుకుపోదు. దాదాపు ఊరికే కూర్చుంటుంది. పని చేసేదంతా వెలుపలి లోహమే. అందుచేత మధ్య లోహాన్ని తీసేసినా పెద్ద నష్టం లేదు.

ఒక చిన్న లెక్క చూడండి. సాధారణంగా మోటారుసైకిలు హ్యాండిలు వ్యాసం 22 మిల్లీమీటర్లు. గోడ మందం 2 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే లోపలి ఖాళీ 18 మిల్లీమీటర్లు. ఇంతే లావున్న గట్టి కడ్డీతో పోలిస్తే ఈ గొట్టంలో ఉన్న లోహం మూడో వంతు మాత్రమే. కాని వంగకుండా నిలిచే శక్తి సగానికి పైగా ఉంటుంది! పోనీ ఆ మూడో వంతు లోహంతోనే ఖాళీ లేకుండా కడ్డీ చేస్తే అది 13 మిల్లీమీటర్లు కూడా ఉండదు. వంగకుండా నిలవటంలో గొట్టం దానికి అయిదింతలు. చూశారా, ఖాళీకి ఎంత విలువ ఉన్నదో!

కాని ఇందులోనే చిక్కు కూడా ఉన్నది. బలమంతా వెలుపలి గోడలో ఉన్నది గనక, ఆ గోడకు బెజ్జం పెడితే మనం బలం మీదనే చెయ్యి వేసినట్టు అవుతుంది.

ఇక రెండో సంగతి. మీ స్కేలును బల్ల అంచున పెట్టి, ఒక చేత్తో బల్ల మీద అదిమి పట్టి, రెండో చేత్తో దాని కొసను కిందికి నొక్కండి. ఎక్కడ ఎక్కువగా వంగుతుంది? కొస దగ్గర కాదు, బల్ల అంచు దగ్గర. వంచే బలం చేతినుంచి దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది. హ్యాండిలు విషయంలో క్లాంపే బల్ల అంచు. బ్రేకు వేసినప్పుడు, గుంటలో పడినప్పుడు నడిపేవాడి బరువు చేతుల మీదుగా హ్యాండిలు మీదికి వస్తుంది. చేతినుంచి క్లాంపుకు 24 సెంటీమీటర్లు, చేతినుంచి మీటకు 8 సెంటీమీటర్లు అనుకుంటే, మీట దగ్గర పడే వంపు బలం క్లాంపు దగ్గర పడేదానిలో మూడో వంతే.

మూడో సంగతి అన్నిటికంటె విచిత్రమైనది. వానాకాలంలో నయాపూల్ మీదనుంచి మూసీని చూడండి. నీరు తిన్నగా వస్తుంది. స్తంభం అడ్డం రాగానే రెండు పాయలుగా చీలి, స్తంభం పక్కలనుంచి ఒరుసుకుంటూ వడిగా పోతుంది. లోహంలో బలం కూడా ఇలాగే నడుస్తుంది. బెజ్జం అడ్డం వస్తే బలం దాని అంచుల దగ్గర కిక్కిరిసిపోతుంది. లాగుతున్న వెడల్పాటి రేకులో చిన్న గుండ్రని బెజ్జం ఉంటే, దాని అంచున ఒత్తిడి మామూలుకంటె మూడింతలు ఉంటుందని 1898లో కిర్ష్ అనే జర్మను ఇంజనీరు లెక్క కట్టి చెప్పాడు. బెజ్జం పెద్దదా చిన్నదా అన్నదానికంటె, దాని అంచు ఎలా ఉన్నది అన్నదే ముఖ్యం. మూలలు ఉంటే, గరుకు ఉంటే, గాటు ఉంటే ఇంకా ప్రమాదం.

దీనికి ప్రపంచం పెద్ద మూల్యమే చెల్లించింది. 1954లో కామెట్ అనే జెట్ విమానాలు రెండు, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, ఆకాశంలోనే ముక్కలైపోయాయి. ఎవరూ బతకలేదు. ఇంగ్లండులో ఫార్న్‌బరో శాస్త్రజ్ఞులు మరో కామెట్‌ను పెద్ద నీళ్ళ తొట్టిలో పెట్టి, లోపల నీటితో ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేలసార్లు పరీక్ష చేశారు. చివరికి విమానపు రేకు చీలిపోయింది. ఎక్కడ? దానికి కోసిన కిటికీలాంటి కంత మూల దగ్గర! లోహం ఒక్క దెబ్బకు విరగకపోయినా, అదే చోట మళ్ళీమళ్ళీ వంచితే అలిసిపోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి తుంపటం మీరు చెయ్యలేదూ? అదే ఇది.

మా ఉస్తాద్ కిర్ష్ పేరు విని ఉండడు. కాని ఆయన మావాడికి ఈ పాఠం మరో విధంగా చెప్పాడు.

పాత సామాను గుట్టలోనుంచి తిన్నని గొట్టం ఒకటి తీసి మూడు ముక్కలు కోశాడు. మొదటిదానికి బెజ్జం లేదు. రెండోదానికి బిగించే చోటు పక్కనే, పైవైపున బెజ్జం వేశాడు. మూడోదానికి అంతే బెజ్జం దూరంగా, పిడికి దగ్గరగా వేశాడు. ఒక్కొక్కదాన్నే వైసులో బిగించి, కొసకు పొడుగాటి పైపు తొడిగి, "వంచు, బేటా," అన్నాడు.

మొదటి ముక్క మావాడిని బాగా ఆయాసపెట్టి నెమ్మదిగా, గుండ్రంగా వంగింది. రెండోది అంత శ్రమ పెట్టలేదు. బెజ్జం దగ్గర కాగితం మడిచినట్టు మడతపడింది. బెజ్జం అంచున వెంట్రుకలాంటి చీలిక కనిపించింది. మూడోది మొదటిదానిలాగే మొండికేసి, వైసు దగ్గరే వంగింది. దాని బెజ్జం మాత్రం వేసినప్పుడు ఎంత గుండ్రంగా ఉన్నదో అంత గుండ్రంగానే ఉన్నది!

మావాడు ఆ రెండో ముక్కను చేతిలో పట్టుకుని కాసేపు మాట్లాడలేదు. వాడు సుద్దతో గుర్తు పెట్టింది అక్కడే కదా!

అప్పుడు ఉస్తాద్ బండి దగ్గరికి వచ్చి, హ్యాండిలును నెమ్మదిగా కుడికీ ఎడమకూ తిప్పుతూ తీగల కట్టను వేళ్ళతో తడిమాడు. హ్యాండిలు తిరిగే మెడ దగ్గర ఒక తీగ బిగుతుగా లాక్కుని ఉన్నది. తిప్పినప్పుడల్లా అది ఇనుముకు నొక్కుకుని, పైనున్న తొడుగు అరిగి, లోపలి రాగి పోగులు తెగిపోయాయి.

"దీపం ఆరింది ఈడ. హ్యాండిలు మీద కాదు. నువ్వు తీగలు లోపల పెట్టినా, ఈడ బిగుతుగ ఉంటే మళ్ళ ఆరతది," అన్నాడు.

పిల్లలూ, ఈ మాట గుర్తుంచుకోదగినది. రోగం ఒక చోట ఉంటే మందు మరో చోట రాసే పని మనమందరం చేస్తూ ఉంటాం. తీగలు దాచిపెడితే బండి అందంగా ఉంటుంది, నిజమే. కాని నయాపూల్ మీద మమ్మల్ని కాపాడవలసింది అందం కాదు, మెడ దగ్గర నాలుగు అంగుళాల వదులు తీగ.

ఉస్తాద్ ముందు ఆ పని చేశాడు. తెగిన తీగ మార్చి, హ్యాండిలు రెండు పక్కలకూ పూర్తిగా తిరిగినా లాగని విధంగా వదులు ఉంచి, పైన మెత్తని తొడుగు వేశాడు. ఆ తరవాతనే హ్యాండిలు సంగతి ఎత్తాడు. పాత హ్యాండిలు లోపల తుప్పు పట్టి ఉంటుందనీ, దానికి బెజ్జం వద్దనీ చెప్పి, కొత్తది తెప్పించాడు. ఎడమ మీట కిందా, కుడి మీట కిందా ఒక్కొక్క బెజ్జం. రెండు క్లాంపులకూ నడుమ, వాటి అంచులకు దూరంగా, కిందివైపున ఒక బెజ్జం. కిందివైపు ఎందుకంటే, పైన ఉంటే వాన నీరు దిగుతుంది.

బెజ్జం వేసే తీరు చూడవలసిందే. గొట్టం గుండ్రన గనక బరమా ములుకు జారిపోతుంది. అందుచేత ముందు పంచితో చిన్న గుంట కొట్టాడు. గొట్టాన్ని చెక్కముక్కల నడుమ వైసులో బిగించాడు. మొదట 3 మిల్లీమీటర్ల బరమాతో, చుక్కచుక్కగా నూనె వేస్తూ, నిదానంగా తిప్పాడు. తరవాత 8 మిల్లీమీటర్లకు పెంచాడు. బెజ్జం పడగానే పని అయిపోయిందని మేము అనుకున్నాం. అసలు పని అప్పుడే మొదలైంది! గుండ్రని ఆకురాయితో లోపలి అంచు, బయటి అంచు వేలికి గరుకు తగలనంత వరకు అరగదీశాడు. ఇనుప రజను ఒక్క రవ్వ మిగలకుండా లోపలినుంచి గుడ్డ లాగాడు. బెజ్జానికి రబ్బరు చుట్టు తొడిగాడు. దీన్ని గ్రోమెట్ అంటారు.

ఇంత జాగ్రత్త ఎందుకు? అంచు నున్నగా ఉంటే చీలిక పుట్టదు, ఇది ఒకటి. రెండోది, బండికి బాటరీనుంచి కరెంటు తీగలో పోతుంది గాని, తిరిగి రావటానికి బండి ఇనుప శరీరమే దారి. తీగ తొడుగు అంచుకు ఒరుసుకుని తెగితే, రాగి హ్యాండిలుకు తగిలి, కరెంటు దీపం దాకా పోకుండా అడ్డదారిన తిరిగి వచ్చేస్తుంది. తీగ కాగిపోతుంది. ఫ్యూజు ఉంటే అది కరిగి, బండి తగలబడకుండా కాపాడుతుంది. ఫ్యూజు ఊరికే కరగదు. అది కరిగితే ఎక్కడో ఏదో ఒరుసుకుంటున్నదని అర్థం.

ఇప్పుడు మరో సమస్య వచ్చింది. వంకర్లు తిరిగిన గొట్టంలోకి తీగ దూర్చటం ఎలా? మావాడు అరగంట కుస్తీ పట్టాడు. తీగ వంపు దగ్గర ఆగిపోతుంది. ఉస్తాద్ శిష్యుడు నవ్వి, సన్నని నూలుదారం కొసకు చిన్న దూదిపింజ కట్టి, మీట దగ్గరి బెజ్జంలో పెట్టి, మిగతా దారులు మూసి, మధ్య బెజ్జం దగ్గర గాలి లాగే గొట్టం పెట్టాడు. దూది రివ్వున వచ్చేసింది, దాని వెనకే దారం! దారానికి గట్టి తాడు, తాడుకు తీగలు కట్టి, సున్నితంగా లాగారు. తీగలకు ముందుగా పౌడరు రాశారు గనక అవి సులువుగా జారాయి.

ఈ ఉపాయం చాలా పాతది. గ్రీకుల పురాణంలో డెడలస్ అనే శిల్పిని వంకర శంఖంలోకి దారం ఎక్కించమంటారు. ఆయన ఒక చీమకు దారం కట్టి శంఖంలోకి వదులుతాడు. అది కథ. కాని 1971లో అమెరికాలో, చికాగో దగ్గరి అణుశాస్త్ర పరిశోధనశాలలో, పొడుగాటి గొట్టాలను లోపల శుభ్రం చెయ్యవలసి వచ్చినప్పుడు నిజంగానే ఒక జంతువును పనిలో పెట్టారు. అది ముంగిసలాంటి ఫెర్రెట్, పేరు ఫెలీషియా. దానికి దారం కట్టి వదిలితే గొట్టం ఈ కొసనుంచి ఆ కొసకు పోయేది. తరవాత ఆ దారంతో శుభ్రం చేసే గుడ్డను లాగేవారు!

అంతా అయ్యాక ఉస్తాద్ హ్యాండిలును రెండు పక్కలకూ తిప్పి చూశాడు. దీపం ఆరలేదు. కుడిచేతి పిడి తిప్పి వదిలాడు. అది చటుక్కున వెనక్కి వచ్చింది. ఆ పిడి కింద తీగ ఇరుక్కుంటే బండి వేగం తగ్గదు గనక, ఈ పరీక్ష తప్పనిసరి.

"నెలకొకసారి బెజ్జాల కాడ, క్లాంపుల కాడ చూడు. ఇనుము చెప్పకుండ విరగదు. చెప్పింది మనం వినం," అన్నాడు ఉస్తాద్.

ఆ మాట ఎంత నిజమో అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న గౌలిగూడలో అందరూ చూశారు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆ బస్సులకు తరవాత ఆశ్రయమైన గౌలిగూడ ఇనుప షెడ్డు అమెరికాలో తయారైనది. ఎన్నో దశాబ్దాలు నిలిచిన ఆ షెడ్డు 2018 జులై 5న కుప్పకూలింది. అది పాతబడి ప్రమాదకరంగా ఉన్నదని గమనించి, ముందే బస్సులను తరలించారు గనక ఎవరికీ దెబ్బ తగలలేదు. అక్కడ ఇనుము చెప్పింది, మనుషులు విన్నారు.

పెద్దలకు ఒక్క మాట. హ్యాండిలుకు ఇంట్లో బరమా పెట్టవద్దు, అబ్బాయిలను పెట్టనివ్వవద్దు. బండిని తయారుచేసినవారు నిర్ణయించిన రూపాన్ని మార్చటం మీద 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ఆంక్షలు కూడా ఉన్నాయి. కొన్ని హ్యాండిళ్ళు బెజ్జాలతోనే తయారై వస్తాయి. తీగలు లోపల ఉండాలంటే మీ బండికి తగిన అలాంటిది అడగటం అన్నిటికంటె మేలు.

పిల్లలకు మాత్రం మంచి ప్రయోగం ఒకటి ఉన్నది. ఒకే లావున్న బొప్పాయి కాడలు మూడు తెండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదానికి మొదలు దగ్గరా, మూడోదానికి కొస దగ్గరా పైవైపున పెన్సిలుతో బెజ్జం పెట్టండి. మొదళ్ళను బల్ల అంచున అదిమి పట్టి, కొసలకు చిన్న సంచులు కట్టి, వాటిలో ఒక్కొక్క గులకరాయే వేస్తూ పోండి. ఏ కాడ ఎన్ని రాళ్ళు మోసిందో, ఎక్కడ విరిగిందో పుస్తకంలో రాసుకోండి. విరిగిన చోటు బెజ్జమేనా, బల్ల అంచా? రాళ్ళు వేసేముందే మీ ఊహ రాసిపెట్టుకోవటం మాత్రం మరిచిపోకండి!